బాంకాకులో మూడు దినములు : ఒక సవరణ పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

   

ఈ రజతోత్సవ సభయందు "నేను చేసిన విదేశ యాత్ర" యను విషయముపై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. ముప్పది యేండ్లుగా సహకార సంఘమున జమాఖర్చులు వ్రాయుచు జీవించుచున్నవాడను. భారత భాగవతములలోను, ప్రబంధములలోను నాకు గల యల్ప పరిచయము గురుముఖమున కలిగినది కాదు. ఈ గ్రంథాలయపు బల్లమీద నొక ప్రక్క నిఘంటువును, మరియొక ప్రక్క కావ్యమును పెట్టుకొని, సాయంకాలములయందు కూడబలుకుకొనగా కలిగినది. కావున నా మాటలలో దోషము లున్నచో పెద్దలు మన్నింతురు గాక.

లెక్కలు వ్రాయువారి కొక నియమము కలదు. చిట్టాలో తప్పు పడినచో దానిని చెరుపరాదు, గోకరాదు, ఆ పుటను చింపరాదు. తప్పు నట్లే యుంచి, అది తెలిసిన తేదీన సవరణ పద్దు వ్రాసి, క్రింద చేవ్రాలు చేయవలెను. నేను 2024వ సంవత్సరము మార్చి నెలలో ఈ గ్రంథాలయపు టరుగుమీదనే కూర్చుండి, నలువదిమంది యెదుట బాంకాకు నగరమును వర్ణించితిని. మీలో పెక్కుమంది వింటిరి. ఆ వర్ణనయందు తప్పు పద్దు కలదు. నేడు మీ యెదుట సవరణ వ్రాసికొనుటకే నిలువబడితిని.

మొదట యాత్ర యెట్లు సంభవించినదో మనవి చేసెదను. మా అమ్మాయి హైదరాబాదున నుద్యోగములో చేరిన మొదటి యేడు కూడబెట్టిన సొమ్ముతో నాకు విమానపు టిక్కెట్టు కొనినది. 2023 నవంబరు 10వ తేదీనుండి థాయిలాండు ప్రభుత్వమువారు భారతీయులను వీసా లేకుండ రానిచ్చుట కారంభించిరి. అందుచేత ఖర్చు తగ్గినదనియు, తన కెటులును సెలవు దొరకదనియు చెప్పి, "నాన్నగారూ, ఇన్నేళ్లు పుస్తకాల్లో తిరిగారు, ఒక్కసారి కాళ్లతో తిరిగి రండి" అని, తాను కళాశాలకు మోసిన వీపు సంచిని నా చేతి కిచ్చినది. సంఘములో సంవత్సరాంతపు లెక్కలు మార్చిలో ముగింపవలెను గనుక, నాకు దొరకిన సెలవు స్వల్పము. ఆ విధముగా ఏబది దాటిన నేను, ఇరువదేండ్ల కుర్రవానివలె సంచి వీపున తగిలించుకొని, 2024 ఫిబ్రవరిలో బయలుదేరితిని.

పెద్దనామాత్యుని మనుచరిత్రములోని ప్రవరుని కథ మీకందరకు తెలిసినదే. అరుణాస్పదపురమున గృహస్థధర్మము విడువకుండ నున్న యా బ్రాహ్మణునకు దూరదేశములయందు మక్కువ మెండు. ఇంటికి వచ్చిన యతిథుల నెల్ల నడిగి, వారు చూచిన తీర్థముల సంగతులు విని యానందించువాడు. తుదకొక సిద్ధు డిచ్చిన పసరు కాళ్లకు పూసికొని, హిమవత్పర్వతమునకు పోయి, సాయంకాలము లోపల తిరిగి రాదలచెను. మూడు గంటల కొంచెము మించిన కాలములో నన్ను హైదరాబాదునుండి బాంకాకునకు చేర్చిన విమానమును జూచినపుడు, మా అమ్మాయి నాకా పసరే పూసినదని తోచినది. ప్రవరునకు తరువాత నేమి జరిగినదో యప్పుడు నాకు జ్ఞప్తికి రాలేదు.

బాంకాకు విమానాశ్రయము పేరు సువర్ణభూమి. 2006లో తెరచినది. అందు క్షీరసాగర మథనము గొప్ప శిల్పసముదాయముగా నిలిపియున్నది. కూర్మముపై మందరము, పైన విష్ణువు, వాసుకిని పట్టి లాగు దేవదానవులు. పరదేశమున నడుగు పెట్టగనే మన పురాణ మెదురు వచ్చినందుకు నా కన్నులు చెమర్చినవి. ఆ నగరమును వారు బాంకాకని పిలువరు, క్రుంగ్ తేప్ అందురు, అనగా దేవతల నగరమని యర్థము. దాని పూర్తి నామము మిక్కిలి పొడవైనది. అమర, రత్న, ఇంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని, విశ్వకర్మ మొదలగు మన మాటలే యందు వారి యుచ్చారణలో వరుసగా వినిపించును. ఇవి యెల్ల ముందే విని యుండుటచే, నేనొక ప్రబంధములోని పురవర్ణనలోనికి ప్రవేశించుచుంటి ననుకొంటిని. నా తప్పు లెక్క అక్కడనే మొదలైనది.

విమానాశ్రయమునుండి అరువది బాత్తులకు బస్సెక్కితిని. బాత్తు వారి నాణెము, ఆ దినములలో మన రెండు రూపాయల ముప్పది పైసలకు ఇంచుమించు సమానముగా నుండెను. బస్సు రెండు గంటలు నడచినది. నడచినదనుటకంటె నిలిచినదనుట నిజము. తలపైన వంతెనలు, వంతెనలపైన మరల రైలు మార్గములు, వానిని మోయు సిమెంటు స్తంభములు, క్రింద ఒకదాని తోక నొకటి ముట్టుచు నిలిచిన కారులు. ఫిబ్రవరిలో ఆ నగరముపై పొగయు ధూళియు మబ్బువలె క్రమ్మును. దేవతల నగర మెక్కడనా యని కిటికీలోనుండి మెడ సాచి చూచితిని. నాకు కనబడినవి దుకాణములును, ప్రకటన బల్లలును, విద్యుత్తీగల చిక్కులును.

బస చేసినది ఖావ్ సాన్ వీధి చెంత. ఆ మాటకు బియ్యమని యర్థము. పూర్వమది బియ్యపు బజారు. వరి పండించు మన ప్రాంతమువాడనైన నాకు ఆ పేరు విని పుట్టింటివారిని చూచినట్లైనది. కాని యిప్పుడక్కడ బియ్యపు బస్తా లేదు. 1980 ప్రాంతమునుండి వీపు సంచులతో వచ్చు పరదేశ యువకుల కది విడిదియైనది. ఒక గదిలో మంచముపై మంచముగా ఎనిమిది పడకలు. నాది పైపడక. ఇనుప నిచ్చెన యెక్కి దిగుటకు నా మోకాళ్లు పడిన శ్రమ నాకు తెలియును. నేను చేరిన మధ్యాహ్నమున తక్కిన యేడుగురును నిద్రించుచుండిరి. నేను నిద్రించు వేళకు వారు లేచిరి. వీధిలో సంగీత మర్ధరాత్రి దాటిన తరువాతను ఆగలేదు. పుల్లలకు గ్రుచ్చిన వేయించిన తేళ్లను త్రిప్పుచు అమ్మువారిని జూచితిని. తినువారికంటె వానితో ఫోటో తీయించుకొనువారే మెండు, ఫోటోకును రుసుము కలదు. నేను శాకాహారిని. చేపలను ఉప్పులో నూరవేసి తీసిన ఊట వారి వంటలలో పెక్కింట పడును. ఆ రాత్రి రెండు అరటిపండ్లు తిని పడుకొంటిని.

రెండవ దినము ప్రాతఃకాలమున రాజప్రాసాదమును చూడ నడచి పోవుచుండగా, గోడ ప్రక్కన శుభ్రమైన దుస్తులు ధరించిన యొక పెద్దమనిషి నన్ను పలుకరించి, "ఈ యుదయము ప్రాసాదము మూసియున్నది, మధ్యాహ్నము తెరతురు, అంతవరకు నలువది బాత్తులకు ఊరు చూపించెదరు" అని ఇంగ్లీషులో చెప్పి, నన్ను మూడు చక్రముల టుక్‌టుక్ బండి యెక్కించెను. అది యొక చిన్న ఆలయము చూపి, పిమ్మట ఒక రత్నాల దుకాణము నొద్ద దింపినది. దుకాణము పేరు చెప్పను. అందు మిక్కిలి మర్యాద చేసిరి. చల్లని నీరిచ్చిరి. "ప్రభుత్వపు తగ్గింపు నేటితో సరి" యనిరి. నేను మా అమ్మాయిని తలంచుకొని, వేయిన్ని రెండువందల బాత్తు లిచ్చి యొక యెర్ర రాతి యుంగరము కొంటిని. తిరిగి ప్రాసాదమునకు వచ్చుసరికి మూడున్నర గంటలు. లోనికి పోనిచ్చు వేళ ముగిసినది. ఉదయము ఎనిమిదిన్నరనుండి ద్వారము తెరచియే యుండెనని కావలివాడు చెప్పెను. మూడు దినములలో నొక దినమట్లు పోయినది. సంఘములో ఎవ్వరైన రెండు రూపాయల రసీదు తప్పు తెచ్చినచో పట్టుకొను నేను, ఒక చిరునవ్వుచేత మోసపోతిని.

మూడవ దినమున అయిదువందల బాత్తులు చెల్లించి ప్రాసాదమునందు ప్రవేశించితిని. ఆలయపు ప్రాకారము చుట్టును వారి రామకథ, రామకియన్, నూట డెబ్బది యెనిమిది చిత్రఫలకములుగ వ్రాయబడియున్నది. 1782లో బాంకాకును రాజధానిగ చేసిన మొదటి రామరాజు కాలమున ఆ కావ్యము వారి భాషలో సమగ్రముగా కూర్పబడినది. ఇవి చూడవలెననియే నేను వెళ్లినది. కాని జనసమ్మర్దము చెప్పనలవి గాదు. గొడుగులు, చాచిన చేతులు, చేతులలో సెల్‌ఫోనులు. నాకు దక్కిన ఫలకములు ఇరువదికి మించవు. ఆ కథలో హనుమంతుడు బ్రహ్మచారి గాడు, ప్రేయసులు కలవాడు. అది చూచి వెలవెలబోతిని. ఎందుకట్లైనదో చెప్పువారు లేరు, అడుగుటకు భాష లేదు. ప్రధానాలయములోని మరకత బుద్ధుడు మూరన్నరకు లోపు, అరువదియారు సెంటీమీటర్ల విగ్రహము. ఎత్తైన పీఠముపై దూరముననుండును. నేల కూర్చుండి చూచితిని. పచ్చని చుక్కవలె కనబడినది. పిదప వాట్ ఫో ఆలయమున శయనబుద్ధుని చూచితిని. నలువదియారు మీటర్లు, అనగా మన కొలతలో ఇంచుమించు నూరు మూరలు. అరికాళ్లలో నూటయెనిమిది శుభచిహ్నములు ముత్యపు చిప్పలతో పొదిగియున్నవి. గొప్ప పనియే. అయినను నా మనస్సు కదలలేదు. కాళ్లు నొచ్చుచుండెను, కడుపు కాలుచుండెను. ఇంత దూరము వచ్చి యింత చూచియు ఏమియు కలుగలేదే, నాలోనే రసము లేదా యని భయమైనది.

సాయంకాలమున నదీతీరమునకు నడచి, అయిదు బాత్తులకు పడవ దాటి, అరుణుని పేరిట వెలసిన వాట్ అరుణ్ రేవున దిగితిని. ఆలయములోనికి పోవు నోపిక లేక, రేవు మెట్ల చెంత కూర్చుంటిని. అచ్చట పండ్ల ముక్కలమ్ము ముసలమ్మ యొకతె బేరము లేని వేళ చిన్న పుస్తకములో లెక్క వ్రాయుచుండెను. నేను తొంగిచూచితిని. ఆమె నవ్వి పుస్తకము నా వైపు త్రిప్పినది. తన దేశపు టంకెలలో వ్రాసికొన్నది. వారి లిపి ఖ్మేరు లిపిద్వారా మన దక్షిణదేశపు పల్లవ లిపినుండి వచ్చినది. నేను నా జేబు పుస్తకము తీసి, ఒకటి మొదలు తొమ్మిది వరకు తెలుగంకెలు వ్రాసి చూపితిని. ఆమె ప్రతి యంకె క్రిందను తన యంకె వేసినది. సున్న మాత్ర మిరువురిదియు నొక్కటే. అది చూచి యిరువురమును నవ్వితిమి. బడి పిల్లలు పడవ దిగి యిండ్లకు పోవుచుండిరి. కొందరు రొట్టెముక్కలు విసరగా పెద్ద చేపలు గుంపుగా పైకి వచ్చుచుండెను. గంటన్నర సేపట్లు కూర్చుండి, దీపములు వెలుగగా లేచితిని. మరునాటి యుదయమున తిరుగు విమానము.

ఇదియే నా యాత్ర. జమాఖర్చు వినుడు. బసకు మూడు రాత్రులకు 1,050 బాత్తులు, దర్శన రుసుములు 800, బండ్లు పడవలు 412, ఆహారము 640, ఉంగరము 1,200. వెరసి 4,102 బాత్తులు. మన రూపాయలలో తొమ్మిదివేల అయిదువందలకు కొంచెము తక్కువ. విమానపు టిక్కెట్టు మా అమ్మాయిది.

ఇంక తప్పు పద్దు సంగతి. విమానాశ్రయమునుండియే అమ్మాయి ఫోను చేసి "ఎలా ఉంది నాన్నగారూ?" అని యడిగినది. ఏడాది సంపాదన నా కాళ్లకు పసరుగా పూసిన బిడ్డతో "బాగులేదమ్మా" యని యెట్లనగలను? "స్వర్గముగా నున్నదమ్మా" యంటిని. ఒకసారి యన్న మాటను నిలబెట్టుటకు మరల మరల అనవలసి వచ్చినది. ఇంటికి వచ్చిన వారితో నంటిని. ఉంగరము మేలైన కెంపని యామెకు తొడిగితిని. తుద కీ యరుగుమీద నలువదిమంది యెదుట, నేను చూడని నూట డెబ్బది యెనిమిది ఫలకములను చూచినట్లు, నిదురలేని రాత్రులను వైభోగములుగను వర్ణించితిని. ప్రబంధములు చదివిన నోరు గదా, పురవర్ణన మాగలేదు. చప్పట్లు కొట్టితిరి. నాకును కొంత రుచించినది.

ఆ నలువదిమందిలో మన గ్రంథాలయమునకు మొదటి యేటినుండియు చందాదారుగా నున్న యొక వృద్ధుడుండెను. నేతపనివాడు. ఆయన యనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాను; పేరు చెప్పవలదనెను. ఆయనయు, ఆయన యిల్లాలును కాశీయాత్రకని పదునొకండేండ్లుగా సొమ్ము కూడబెట్టుచుండిరి. నా మాట విని, "కాశికి తరువాత పోవచ్చును, గోడలమీద రామాయణము చూడవలె" నని యా సొమ్ముతో ఒక యాత్రా బృందముతో కలసి బాంకాకు వెళ్లిరి. ఆ యెండలో ఆమెకు మోకాళ్లు పట్టినవి. బృందమువారు దుకాణముల చుట్టు త్రిప్పిరి. ఆలయము ద్వారమువరకు వెళ్లియు ఆమె నడువలేక బస్సులోనే కూర్చున్నది, ఆమెను విడిచి ఆయన లోనికి పోలేదు. తిరిగి వచ్చిన పిమ్మట ఆయన పుస్తకము మార్చుకొనుట కిచటికి వచ్చెను. నేను "ఎట్లున్నది బావా?" యని యడిగితిని. ఆయన కోపపడలేదు. "మీరు చెప్పిన ఊరు మాకు కనబడలేదండీ. మీరే రేవున దిగారో!" అని మాత్రము చెప్పి, పుస్తకము తీసికొని వెడలిపోయెను.

ఆ రాత్రి నేను నిద్రింపలేదు. ప్రవరుని కథ మరల జ్ఞప్తికి వచ్చినది. సిద్ధుడు పసరిచ్చెను, కాని మంచు సోకిన ఆ పసరు కరగిపోవునని చెప్పినట్లు లేదు. ప్రవరుడు కొండమీద చిక్కుకొనుటకు ఆ చెప్పని మాటయే కారణము. ఇన్నాళ్లు నేను నన్ను ప్రవరునిగా తలంచుకొంటిని. ఈ ముసలి దంపతుల విషయమున నేను సిద్ధుడనైతిని. అదియు తెలిసి తెలిసి మంచు సంగతి దాచిన సిద్ధుడను.

మరునాడు ఆయన యింటికి పోయి, ఆయన మగ్గము గుంట ప్రక్కన కూర్చుండి, ఇప్పుడు మీకు చెప్పినదంతయు చెప్పితిని. వారి ఖర్చులో సగము నేనిచ్చుకొందునంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. లోపలినుండి ఆమె, "ఆ తేళ్ల సంగతి ముందే చెప్తే నేను గడప దాటేదాన్నా?" అనగా ముగ్గురమును నవ్వితిమి. పిమ్మట ఆయన, "డబ్బు వద్దండీ. మీరు నోటితో చెప్పిందాన్ని నలభైమంది విన్నారు. దీన్ని కూడా ఆ నలభైమందికీ చెప్పండి. గ్రంథాలయంలో రాసి పెట్టండి. ఇంకొకళ్లు పోయేముందు చదువుకుంటారు" అనెను.

అదివారము మా అమ్మాయి వచ్చినపుడు ఆమెకును చెప్పితిని. ఆమెకు చెప్పుట నేతాయనకు చెప్పుటకంటె కష్టమైనది. ఆమె విని, "ఉంగరం గాజుదని నాకు మొదటి నెలలోనే తెలుసు నాన్నగారూ. వదులైతే సరిచేయించడానికి కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను" అన్నది. తాను నొచ్చుకొందునని నేను దాచితిని. నేను నొచ్చుకొందునని తాను దాచినది. పిమ్మట నా జేబు పుస్తకము తీసికొని చదివి, "రేవు దగ్గర గంటన్నర కూర్చున్నానని రాశారే, ఈ ముసలమ్మ ఎవరు? ఇది నాకు చెప్పలేదేం?" అని యడిగినది. నిజమే. నేనెవ్వరికిని చెప్పలేదు. అది చూడదగిన వింతగా నాకు తోచలేదు. రేవుమెట్లు, పండ్లమ్మి, సున్న. కాని యా మూడు దినములలో నాకు దక్కిన దదియొక్కటే. లేని గొప్పలను జమ కట్టుటలో ఉన్న దానిని వ్రాయుట మరచితిని.

అటుపిమ్మట నేను చేసిన పని ముందే చేయవలసినది. ఈ గ్రంథాలయములోను, పట్టణములోని గ్రంథాలయములోను బాంకాకును గూర్చి దొరకినది చదివితిని. బాంకాకు చీనావారి పేటలో వాట్ త్రైమిత్ అను ఆలయము కలదు. అందు అయిదున్నర టన్నుల బంగారు బుద్ధవిగ్రహము కలదు. పూర్వ మెవ్వరో దానికి సున్నపు పూత పూసిరి. బంగారమను సంగతి మరుగుపడినది. 1955లో విగ్రహమును తరలించుచుండగా పూత పగిలి లోపలి బంగారము బయటపడినది. మూడవ దినము రాత్రి తిండి కొరకు నేను ఆ పేటలోనే తిరిగితిని, దాని మాట యెరుగను. నా బసకు మైలు దూరమున 1784లో కట్టిన దేవస్థానము కలదు. రాజాస్థాన బ్రాహ్మణులు నేటికిని అచ్చట పూజలు సల్పుదురు. దానిని చూడలేదు. పసుపు జెండాపై ఎర్రయక్షరమున్న తిండిదుకాణములలో చేప గాని మాంసము గాని లేని భోజనము దొరకునని చదివితిని. అట్టి జెండాలను కన్నులార చూచియు ఏదో పండుగ యనుకొని అరటిపండ్లతో గడిపితిని. ప్రాసాదము మూసియున్నదని చెప్పి యాత్రికులను దుకాణములకు మళ్లించుట చిరకాలపు మోసమనియు, దానినిగూర్చి హెచ్చరికలు కలవనియు పిదప తెలిసినది.

కాబట్టి నా నిరాశను భాగములు చేసి చూచితిని. ఆ నగరమునందును లోపములున్నవి. పొగ నిజము, రద్దీ నిజము, టక్కరితనము నిజము. వీనిని ఆ నగరపు లెక్కలో వ్రాయుట న్యాయము. కాని అది లక్షల జనము బ్రదుకు ఊరు. వారు తమ పనులకు పోవుచుండగా మధ్య మనము సంచితో నిలిచి, ప్రబంధములోని పురము కనబడలేదని వారిపై నలుగుట న్యాయము గాదు. మూడు దినములలో దేవతల నగరమునంతయు చూడవలెననుట నా పేరాస. చదువక పోవుట నా సోమరితనము. తిరిగి వచ్చి యబద్ధము చెప్పుట మాత్రము పూర్తిగా నా పాపము. మొదటి రెండిటివలన నేను నష్టపోతిని, మూడవ దానివలన మరొకరు నష్టపోయిరి.

మన భాషలో యాత్ర యెట్లు వ్రాయవలెనో చూపిన మహానుభావు డుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీ. 1830లో బయలుదేరి కాశీయాత్ర చేసి 1831లో తిరిగి వచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. అందు ఏ యూరికి ఎంత దూరము, బాట యెట్టిది, నీళ్లెట్టివి, దిగుటకు చోటు కలదా, అంగళ్లలో ఏమి దొరకును అను సంగతులన్నియు దినదినమును వ్రాసిరి. బురద యున్నచోట బురద యనియే వ్రాసిరి. వారి వెనుక నడచువాని కాలు బురదలో పడకుండుటకే యది. లెక్కలు వ్రాయువాడనైన నాకా గ్రంథము ప్రబంధములకంటె దగ్గరి చుట్టము. అది మన బీరువాలో నున్నది. నేను రెండుసార్లు చదివితిని. చదివియు దానివలె చెప్పుట నేర్వలేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నొక మనవి. మన గ్రంథాలయమున నొక యాత్రల పద్దు పుస్తకమును పెట్టుదము. ఈ గ్రామమునుండి తిరుపతికి పోయినను, కాశికి పోయినను, కూలికై గల్ఫు దేశమునకు పోయినను, చదువుకై అమెరికాకు పోయినను, తిరిగి వచ్చిన ప్రతివారును అందొక పుట వ్రాయవలెను. ఎంత ఖర్చైనది, ఏమి చూచితిమి, ఏది చూడలేక పోతిమి, ఎవరు మోసగించిరి, ఎవరాదరించిరి, వృద్ధులు పోదగునా, ఏమి తిన్నాము, ఇంతే. వర్ణనలక్కరలేదు. వ్రాయ నేర్వనివారు చెప్పిన నేను వ్రాసి వారికి చదివి వినిపింతును. 1935 ప్రాంతమున కృష్ణా డెల్టాలో పెద్దలు పడవలో పుస్తకములు పెట్టుకొని కాలువలవెంట ఊరూరికిని చేర్చిరి. ఊళ్లకు పుస్తకములు తెచ్చిన యుద్యమమది. మనము చూచివచ్చిన ఊళ్లను పుస్తకములోనికి తెచ్చుట దానికి తరువాతి పని యని నా యభిప్రాయము.

ముఖ్యముగా యువకులతో నొక మాట. పని యిప్పింతుమని చెప్పి పరదేశమునకు రప్పించువారి మాటలును నా యరుగుమీది మాటలవంటివే. మంచు సంగతి చెప్పరు. పోవలదని నేననను. పోవుటకు ముందీ పుస్తకము తెరచి, అక్కడికి పోయి వచ్చినవారి పుట చదువుడు. ఆ పుట లేనిచో, పోయి వచ్చినవారి నొక్కరినైన వెదకి పట్టుకొని యడుగుడు.

మొదటి పుట నేను వ్రాసి తెచ్చితిని. రెండవ పుట నేతాయన చెప్పగా వ్రాసితిని, ఆయన చేవ్రాలు చేసిరి. ఆ దంపతులు మరల చీటీ కట్టుచున్నారు. వచ్చు కార్తికమునకు కాశికి పోవలెనని సంకల్పము. ఈ మారు సామాను మోయుటకు నేను వెంట పోవుచున్నాను. ఆ ఖర్చు నాది. దానికాయన యొప్పుకొనుటకు నాలుగు నెలలు పట్టినది. కాశినుండి వచ్చిన పిమ్మట మూడవ పుట ఆమెచేత చెప్పించి వ్రాయుదును. ఆమె యేది బాగులేదన్నను మార్చను.

 ఇరువదియైదేండ్లు మనల చదివించిన ఈ గ్రంథాలయము మన మనుమల కాలమునను తెరచియుండుగాక.